వరలక్ష్మికి కట్టిన చీర వాపసొస్తే

ప్రశ్న: సార్, మాది తిరుపతి. గాంధీ రోడ్డుకు ఆనుకున్న సందులో నేనూ మా ఆయనా చిన్న బట్టల కొట్టు నడుపుతున్నాం. చీరలు, డ్రెస్ మెటీరియల్, చిన్నపిల్లల రెడీమేడ్ అమ్ముతాం. ఒకపక్క పెద్ద షోరూములు, ఇంకోపక్క ఫోన్లో ఆర్డరు పెట్టుకునేవాళ్లు. తట్టుకోలేక రెండేళ్ల కింద నేనే పట్టుబట్టి ఒక బోర్డు పెట్టించాను: 'నచ్చకపోతే 7 రోజుల్లో తెచ్చివ్వండి, పూర్తి డబ్బు వాపసు'. మొదట్లో బాగా కలిసొచ్చింది. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది. ఈ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు రెండు రోజుల్లో 41 చీరలు అమ్మాం. శని, ఆది, సోమవారాల్లో 9 వెనక్కి వచ్చాయి. ఒకామె తెచ్చిన చీర మడత విప్పితే పసుపు అక్షింతలు రాలాయి. అడిగితే, 'మేమెవరం కట్టలేదమ్మా, కలశానికి కట్టినాం, అంతే' అంది. ఏమనాలో తోచక డబ్బిచ్చేశాను. 1,800కు తెచ్చిన చీర మేం 2,400కు అమ్ముతాం. ఇలా నలిగి వచ్చినవాటిని పాలిష్ పెట్టించి 1,500కు తోసేస్తున్నాం.

మా వదిన, అంటే మా ఆయన అక్క, చంద్రగిరిలో పెళ్లికని 6,800 పట్టుచీర కొనుక్కెళ్లి ఐదో రోజు తెచ్చి గల్లా మీద పెట్టింది. మా ఆయన కిక్కురుమనకుండా డబ్బు తీసిచ్చాడు. అదే మనిషి, కొట్లో పనిచేసే పిల్ల మరకున్న చీరను చూసుకోకుండా వెనక్కి తీసుకుందని ఆమె జీతంలో 400 కోసేశాడు. ఇప్పుడు నా బోర్డు పీకేసి 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని రాయిస్తానంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా? బోర్డు తీస్తే గిరాకీ పోతుందని నా భయం. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఆ కలశం మాట దగ్గర నవ్వు ఆగలేదు, ఏమీ అనుకోవద్దు. మీకది నష్టమే, కానీ ఆమె చెప్పింది అబద్ధం కూడా కాదు చూడండి. మనుషులెవరూ కట్టలేదు. తిరుచానూరులో అమ్మవారికి కట్టిన చీరను దేవస్థానం వేలం వేస్తే జనం కళ్లకద్దుకుని కొనుక్కుంటారు. మీ కొట్లో అమ్మవారికి కట్టిన చీర మాత్రం 2,400 నుంచి 1,500కు పడిపోయింది.

నేను చిత్తూరు బజారులో ఒక బట్టల కొట్లో 31 ఏళ్లు గుమాస్తాగా చేశాను. మా షావుకారు రోజుల్లో వాపసుకు రాతపూర్వకమైన రూలంటూ లేదు. ఉన్నదల్లా ఆయన ముఖమే. బోణీ కాకముందు ఎవరైనా సంచితో మెట్లెక్కితే ఆ ముఖం చూసి వాళ్లే దిగిపోయేవాళ్లు. దీపం పెట్టాక వాపసు లేదు, శుక్రవారం అసలే లేదు. ఇవన్నీ తీసేస్తే వాపసుకు మిగిలే సమయం వారానికి ఎన్ని గంటలో మీరే లెక్కేసుకోండి. అది ఆచారమని జనం అనుకునేవాళ్లు. సగం ఆచారం, సగం లెక్క.

మీ బోర్డు ఆ ముఖాన్ని తీసేసింది. అది మంచిదే. కొనేవాళ్లకు ధైర్యం వచ్చింది, మీకు గిరాకీ వచ్చింది. కాకపోతే ఆ ఒక్క వాక్యంలో మీరు మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూట కట్టేశారు. చీరలో లోపం ఉండటం ఒకటి. చీర బాగానే ఉండి ఇంట్లోవాళ్లకు నచ్చకపోవటం ఇంకొకటి. కట్టుకుని, పని గడుపుకుని తెచ్చివ్వటం మూడోది. మీరు మూడింటికీ డబ్బిస్తున్నారు, మీ ఆయన మూడింటికీ ఇవ్వనంటున్నాడు. ఇద్దరిదీ సరికాదని నా అభిప్రాయం.

ముందు మీ లెక్కే చూద్దాం. చీరకు 600 మిగులుతుందని మీరనుకుంటారు. అందులోంచి అద్దె, కరెంటు, జీతాలు, కవర్లు పోవాలి. చీరకు 350 పోతుందనుకుంటే మీ చేతికొచ్చేది 250. కట్టి తెచ్చిన చీర 1,500కు పోతే కొన్న ధరలోనే 300 నష్టం, పాలిష్‌కు ఒక వంద వేసుకోండి, మొత్తం 400. ఆ తొమ్మిదిలో కట్టినవి ఎన్నో మీరు రాయలేదు. అయిదే అనుకుందాం. 2,000 పోయాయి. ఆ రెండు వేలు తిరిగి రావాలంటే ఎనిమిది చీరలు అమ్మాలి. అంటే వెనక్కి రాని 32 చీరల్లో ఎనిమిదింటి మీద మీరు నిలబడి చేసిన చాకిరీ అంతా ఆ అయిదిళ్ల కలశాలకే పోయింది.

లెక్కకు చిక్కని నష్టం ఇంకోటుంది, అది దీనికంటే పెద్దది. బుధవారం మీ అలమారాలోంచి పోయిన ఆ ఎరుపంచు పసుపు చీరను గురువారం సాయంత్రం ఇంకొకామె అడిగి ఉంటుంది. లేదన్నారు, ఆమె పక్క కొట్టుకు వెళ్లింది. శనివారం ఆ చీర తిరిగొచ్చింది గానీ వ్రతం వెళ్లిపోయింది. ఇక దసరా దాకా అది అలమారాలో కూర్చోవాల్సిందే. పండగ సరుకుకు వారం అంటే చాలా పెద్ద మాట. మీకు సరుకిచ్చే హోల్‌సేలు ఆయన్ని అడిగి చూడండి, కట్టిన చీర తిరిగి తీసుకుంటాడేమో. నేతలో దారం తెగి ఉంటే, ఫాల్ కుట్టకుండా ఉంటే, ముఖం చిట్లించుకుని తీసుకుంటాడు. పిన్నీసు చిల్లు కనబడిందా, బేలు పక్కన పడేసి టీ చెప్తాడు, అంతే సంగతి.

ఈ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి పోతోందో కూడా చూడండి. తిరుపతిలో కొట్టు కాబట్టి మీ దగ్గర కొనేవాళ్లలో సగంమంది యాత్రికులే అయి ఉంటారు. దర్శనం చేసుకుని, గోవిందరాజస్వామి గుడి చూసుకుని, రైలుకు రెండు గంటలుందని మీ సందులోకి వస్తారు. కరీంనగర్ నుంచో సేలం నుంచో వచ్చిన మనిషికి మీ 7 రోజుల వాపసు ఎందుకు పనికొస్తుంది? రాత్రి రైలెక్కితే మళ్లీ ఏ ఏడాదికో వస్తారు. కానీ వాపసు నష్టం పూడ్చుకోవటానికి మీరు చీర మీద 50 పెంచితే, ఆ యాభై వాళ్లూ కడతారు. ఆ బోర్డు వల్ల లాభం మాత్రం ఊళ్లోనే ఉండే కొర్లగుంట, బైరాగిపట్టెడ వాళ్లది. నిజంగా లోపమున్న చీర యాత్రికుల చేతిలో పడితే అది ఇంటికెళ్లి విప్పాకే కనబడుతుంది. అప్పటికి మీ గడువు దాటిపోయి ఉంటుంది. అంటే మీ బోర్డు సాయం అవసరమైనవాళ్లకు అందట్లేదు, అక్కర్లేనివాళ్లకు బాగా అందుతోంది.

ఇక మీ ఆయన రాయిస్తానన్న బోర్డు. అది రాయించొద్దు. రాయించినా లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననటం అందులో అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, ఏమీ రాయకపోతే 30 రోజుల లోపల తీసుకోవాలి. బిల్లు ఇవ్వకపోవటం కూడా అదే జాబితాలో ఉంది, ఆ అలవాటు మీకుంటే ఇవాళే మానేయండి. కొన్నామె వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సరుకు ఖరీదు 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. చీర బాగానే ఉండి రంగు నచ్చలేదంటే మాత్రం తీసుకుని తీరాలని ఆ చట్టం చెప్పదు. అది మీ మంచితనం. మంచితనానికి మీరు షరతులు పెట్టుకోవచ్చు, కాకపోతే అమ్మేముందే చెప్పాలి, బిల్లు మీద ఉండాలి. 'పూర్తి డబ్బు వాపసు' అని గోడ మీద రాసి, తెచ్చాక 'అది కాదక్కా' అంటే తప్పు మీదవుతుంది. అందుకే కొత్త బోర్డు ఎక్కేదాకా పాత మాట మీద కొన్నవాళ్లందరికీ పాత మాటే చెల్లించండి, మనసు చివుక్కుమన్నా సరే.

డబ్బు వెనక్కిచ్చిన ప్రతిసారీ క్రెడిట్ నోటు, అంటే ఆ అమ్మకం వెనక్కి పోయిందని చూపే చీటీ, రాయమని మీ ఆడిటరు చెప్పే ఉంటారు. రాయకపోతే జరగని అమ్మకానికి జీఎస్టీ మీ చేతి డబ్బులోంచి కట్టాల్సి వస్తుంది.

ఈ తంటా మీ ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్.బీన్ అని పాత కంపెనీ ఒకటుంది. 1912లో దాన్ని పెట్టిన బీన్ అనే పెద్దమనిషి మొదటిసారి వంద జతల బూట్లు అమ్మితే, కింది రబ్బరు దగ్గర కుట్లు ఊడిపోయి తొంభై వెనక్కి వచ్చాయి. అందరికీ డబ్బిచ్చి, బూటు బాగుచేసి మళ్లీ అమ్మాడు. ఎప్పుడు తెచ్చినా తీసుకుంటామన్న పేరుతోనే ఆ కంపెనీ వందేళ్లు బతికింది. తర్వాత జనం ఏళ్ల తరబడి వాడి అరగదీసిన వాటిని, ఎక్కడో పాతసామాన్ల అంగట్లో కొన్నవాటిని కూడా తేవటం మొదలెట్టారు. అయిదేళ్లలో 25 కోట్ల డాలర్లు దానికే పోయాయని చెప్పి 2018 ఫిబ్రవరిలో ఏడాది గడువు, కొన్నట్టు రుజువు ఉండాలన్న షరతు పెట్టారు. అంత పెద్ద దేశంలో 2024లో వెనక్కొచ్చిన సరుకు 89,000 కోట్ల డాలర్లదని, అంటే అమ్మకాల్లో దాదాపు ఆరో వంతని అక్కడి నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా. కట్టుకుని తెచ్చివ్వటానికి వాళ్లు వార్డ్‌రోబింగ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. నాకు ఈ కథలో నచ్చేది మొదటి తొంభై జతలే. ఆ మాట లోపమున్న సరుకు కోసం పుట్టింది, సరదా తీరిన సరుకు కోసం కాదు.

ఇంత చెప్పి నా సంగతి దాచటం బాగోదు. గుమాస్తా ఉద్యోగంలో చేరకముందు, ఒక ఇంటర్వ్యూ కోసం తిరుపతిలో ఒక కొట్లో సఫారీ సూటు కొన్నాను. వేసుకుని వెళ్లాను, ఉద్యోగం రాలేదు, సూటు మడిచి మర్నాడు అదే కొట్లో పెట్టి 'సైజు సరిపోలేదు' అన్నాను. ఆయన ఏమీ అడగలేదు. జేబులు తడిమి, చిత్తూరు బస్సు టికెట్టు ఒకటి తీసి గల్లా మీద నా ముందు పెట్టాడు. దాని పక్కనే డబ్బు పెట్టాడు. నేను రెండూ తీసుకుని వచ్చేశాను. చేతిలో డబ్బు లేదు, అంతే. కట్టి తెచ్చేవాళ్లందరినీ దొంగలనటానికి నాకు నోరు రాదు. వాళ్లలో కొందరికి వ్రతానికి కొత్త చీర లేకపోతే పేరంటంలో తలవంపు. అలాగని ఆ బరువు మీ కొట్టే మోయాలనీ అనను.

వెనక్కి తెచ్చేవాళ్లలో నిజాయితీపరులే ఎక్కువ ఉంటారని నా అనుభవం. మన ఇళ్లలో చీర కట్టేది ఒకరు, కొనేది ఇంకొకరు. కోడలికని అత్త కొంటుంది, పెట్టుబడులకని పెళ్లివాళ్లు ఒకేసారి పాతిక కొంటారు. నల్లంచుందని పెద్దావిడ వద్దంటుంది. ఇలాంటివాళ్లకు కావాల్సింది డబ్బు కాదు, ఇంకో చీర. కాబట్టి నచ్చనివాటికి డబ్బు వాపసు ఆపేసి మార్పిడి పెట్టండి. అప్పటికి నచ్చింది దొరక్కపోతే ఆ మొత్తానికి చీటీ రాసివ్వండి, మూడు నెలలు చెల్లుతుందని. కట్టి తెచ్చే అలవాటున్నవాళ్లకు చీటీ మీద ఆశ ఉండదు, వాళ్లే తగ్గిపోతారు.

కొత్త బోర్డు మీద ఇలా రాయించండి: 'నేత లోపం, మరక, చిరుగు ఉంటే 30 రోజుల్లో బిల్లుతో తెండి, డబ్బు వాపసు. నచ్చకపోతే 7 రోజుల్లో మార్చుకోవచ్చు. ట్యాగు ఉండాలి, ఫాల్ కుట్టి ఉండకూడదు. కట్టిన చీర తీసుకోము.' ఇదే బిల్లు మీద కూడా అచ్చు వేయించండి. ఊరుగాని ఊరివాళ్లకు బిల్లు వెనక మీ వాట్సాప్ నంబరు రాసి, లోపముంటే ఫోటో పంపమనండి. నేను ముప్పై అన్నది చట్టానికి భయపడి మాత్రమే కాదు, ఆ రైలెక్కి వెళ్లినవాళ్లను తలచుకుని.

ట్యాగు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, సగం పని అదే చేస్తుంది. లోపలి మడతలో పెట్టే కాగితం ట్యాగు పనికిరాదు. అరచేయంత అట్ట తీసుకుని, కొంగు చివర, బయటికి కనబడే వైపు, దారంతో రెండు కుట్లు వేయండి. దాన్ని పెట్టుకుని పేరంటానికి ఎవరూ పోలేరు, తెంపితే మార్పిడి లేదు. అయినా అనుమానమొస్తే చీరను ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకోండి. భుజం మీదికి వచ్చే చోట పిన్నీసు చిల్లులు రెండు జంటగా కనబడతాయి. కింది అంచుకు లోపలివైపు సన్నగా దుమ్ము గీత ఉంటుంది. కుచ్చిళ్లు దోపుకున్న చోట నలుగుళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి, ఇస్త్రీకి కూడా తొందరగా పోవు. మల్లెపూల వాసన సంగతి చెప్పక్కర్లేదు. కలశానికి కట్టినదైతే మధ్యలో తాడు బిగించిన ముడత ఒకటే ఉంటుంది, చుట్టూ చీర కొత్తగానే ఉంటుంది. ఇవి మీ పిల్లకు కూడా నేర్పండి.

చూశాక 'మీరు కట్టారు' అని మాత్రం అనొద్దు. అన్నారా, పక్కనున్న నలుగురి ముందు ఆమె పరువు నిలబెట్టుకోవాలి, గొంతు లేస్తుంది. 'ట్యాగు లేదు కదక్కా, నేను తీసుకోలేను, కావాలంటే పాలిష్ పెట్టించి ఇస్తా' అనండి. తప్పు ట్యాగు మీద పడుతుంది. శ్రావణంలో అమ్మేటప్పుడే, 'వ్రతానికా అక్కా? అమ్మవారికి పెట్టేది మళ్లీ మార్చకూడదు, బాగా చూసుకుని తీసుకోండి' అని ఒక్క మాట అంటే చాలు. మన ఊళ్లో ఆ మాట దాటేవాళ్లు తక్కువ.

గిరాకీ పోతుందన్న మీ భయానికి నా దగ్గర జ్యోతిష్యం లేదు. ఒక నోటుబుక్కు పెట్టండి. దసరా, దీపావళి గడిచేదాకా వెనక్కొచ్చిన ప్రతి చీరకూ తేదీ, కారణం, ట్యాగు ఉందా లేదా, ఏమిచ్చారు అని ఒక గీత రాయండి. మా కొట్లో ఒకసారి ఇలా రాస్తే, తలనొప్పంతా ఏడెనిమిది ఇళ్ల దగ్గరే ఉందని తేలింది. ఆ ఏడెనిమిది ఇళ్ల కోసం ఊరందరి ముందూ తలుపు మూసేయబోయాడు మా షావుకారు. మీ ఆయనలాగే.

మీ వదిన సంగతి బోర్డుతో తెగదు. ఆమె ముందు మీరు ట్యాగు మాట ఎత్తితే ఆ రాత్రికే మీ అత్తగారికి ఫోను పోతుంది. అది చెప్పాల్సింది మీ ఆయన, అది కూడా కొట్లో కాదు, వాళ్లింట్లో కాఫీ తాగుతూ. మన తిరుపతిలో దీనికి దారి ఉండనే ఉంది. తాతయ్యగుంట గంగమ్మ స్వామివారి చెల్లెలని కదా ప్రతి జాతరకూ కొండ మీది నుంచి సారె పోతుంది? ఇచ్చిన సారె వెనక్కి రాదు, పంపినవాళ్లూ లెక్క అడగరు. మీ ఆయనకూ అక్క ఉంది, ఆమెకు ఏడాదికొక చీర పుట్టింటి నుంచి పోవటం మర్యాదే. పెట్టాల్సినది పెట్టకుండా, వాపసు పేరుతో దొంగచాటుగా పెడుతున్నాడాయన. ఆ 6,800 చీర ఇంకా కొట్లో ఉంటే సగం ధరకు తోసేయకండి. దీపావళికి పసుపు కుంకుమలతో తీసుకెళ్లి, 'పెళ్లిలో నీకు భలే ఉండిందక్కా, నీ దగ్గరే ఉండనీ' అని ఆయన చేతే పెట్టించండి. పెళ్లి ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి కాబట్టి ఆమెకు అర్థమవుతుంది. ఆ తర్వాత ఆమె కొనుక్కుంటే కొనుక్కున్నట్టే.

చివరగా ఆ పిల్ల 400. వెనక్కొచ్చిన చీరను ఎలా చూడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. పైగా మీ బోర్డు మీద ఉన్నది ఏదైనా తీసుకుంటామనే కదా, ఆమె అదే చేసింది. అక్క తెచ్చిన పట్టుచీరకు మారుమాట లేకుండా 6,800 తీసిచ్చిన గల్లాలోంచే ఆ నాలుగు వందలు తీసి, మీ ఆయన చేతులతోనే, వచ్చే జీతం దాకా ఆగకుండా రేపు పొద్దున ఇప్పించండి. బోణీ కాకముందైనా పర్లేదు.